ఆడవాళ్ళ వెయిటింగ్ రూము

సాయంత్రం చొక్కాల ఫ్యాక్టరీ గేటు తెరుచుకునే వేళకి, రోడ్డుకి అవతల ఉన్న టైల్స్ షాపు మెట్లు తడిసి ఉండేవి. వాన కురిసి కాదు. షాపులో ఊడ్చి తుడిచే ఆవిడ సరిగ్గా అప్పుడే రబ్బరు పైపు పట్టుకుని బయటికొచ్చేది. పైమెట్టు నుంచి అడుగు మెట్టు దాకా నీళ్ళు కొట్టి, ఎవరి మొహమూ చూడకుండా పైపు చుట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయేది. నల్లరాయి మెట్లవి. వెడల్పుగా, నున్నగా ఉంటాయి. పొద్దుటినుంచీ నిలబడి పనిచేసిన మనిషికి వాటిని చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ ప్రాణం అలా లేచి రాకూడదనే షాపాయన ఈ ఏర్పాటు చేశాడు. ఆడవాళ్ళంతా మెట్ల మీద కూర్చుంటే షాపులోకొచ్చే పెద్దమనుషులకి అడ్డమట.

బస్సు స్టాపు ఆ షాపు ముందే ఉంది. స్టాపంటే ఒక ఇనప స్తంభం, దాని నెత్తిన రంగు వెలిసిన రేకు ముక్క. అంతే. కూర్చోవడానికి బల్ల లేదు, తల దాచుకోవడానికి నీడ లేదు. వెనకాల అద్దాల లోపల మాత్రం తెల్లటి కమోడ్లు, నీలం కమోడ్లు, బంగారు అంచు కమోడ్లు దీపాల వెలుగులో వరసగా కొలువు తీరి ఉండేవి.

“లోపల కూర్చోడానికి ఎన్ని పెట్టాడో చూడండి వదినా, మనకి ఒక్కటీ లేదు” అనేది కాలర్.

ఆ ఫ్యాక్టరీలో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ఎవరు ఏ పని మీద ఉంటే అదే పేరు. కాలర్లు కుట్టే పిల్ల కాలర్. దానికిప్పుడు ఆరో నెల. గుండీలు దూరే కన్నాలు కుట్టే మిషను మీద ఉండేది కాజా. నలభై దాటిన మనిషి, ముక్కు మీద కోపం. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడేది కాజాకి సొంత వదిన. అన్న పోయాక కూడా ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఒకరినొకరు దెప్పుకుంటూ బతుకుతున్నారు. కాజా వదినా అని పిలుస్తుంది గనక ఫ్యాక్టరీలో అందరికీ ఆవిడ వదినే అయిపోయింది. సూపర్‌వైజరు కూడా పొరపాటున ఒకసారి వదినా అనేసి నాలుక్కరుచుకున్నాడు.

కాజాది కూర్చుని చేసే పని. వదినది నిలబడి చేసేది. పైనుంచి వేలాడే ఆవిరి పెట్టె, కింద కాలితో తొక్కే పెడలు. కాలరు, భుజం, చేతులు, వీపు, మళ్ళీ ఇంకో చొక్కా. కుడికాలు పెడలు మీద, ఎడమకాలు నేల మీద, రోజంతా అదే వాటం. సాయంత్రానికి చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగబడిపోయి ఉండేవి. నొప్పులా అని అడిగితే ఒప్పుకోదు. ఇనప కాళ్ళు నావి, నీ మిషనుకి ఉన్నట్టు, అంటుంది.

ఆ సోమవారం కాజా ఎందుకో పక్కకి తిరిగి చూసింది. అందరూ బస్సొచ్చే మలుపు వైపే చూస్తున్నారు. వదిన కరెంటు స్తంభానికి భుజం ఆనించి, ఎవరూ గమనించడం లేదనుకుని, కుడికాలు చెప్పులోంచి తీసి ఎడమ పాదం మీద పెట్టుకుంది. కాసేపు కొంగలా అలా నిలబడింది. తరవాత ఆ కాలు దింపి రెండోది ఎత్తింది. దింపేటప్పుడు కింది పెదవి పళ్ళ మధ్య నొక్కుకుంది.

కాజాకి కడుపు మండిపోయింది. ఆ మంటకి ఎదురుగా దొరికింది పైపావిడే. చివరి మెట్టు తడుపుతున్న ఆ మనిషి దగ్గరికి నేరుగా వెళ్ళి నిలదీసింది.

“నువ్వూ ఆడదానివే కదా. నీ కాళ్ళు నొప్పెట్టవా ఎప్పుడూ?”

ఆవిడ తలెత్తలేదు. సన్నటి మనిషి. షాపు వాళ్ళిచ్చిన ముదురు నీలం కోటు భుజాల దగ్గర వదులుగా వేలాడుతోంది. పైపు నీళ్ళు కాజా పాదాల మీద పడకుండా కొంచెం పక్కకి తిప్పి, మిగిలిన మెట్టు కూడా తడిపి లోపలికి వెళ్ళిపోయింది. మాటకి మాట అనుంటే కాజా కోపం అక్కడితో తీరిపోయేదేమో. అనలేదు గనక ఇంకాస్త రాజుకుంది.

వదిన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. “ఆవిడ చేతిలో ఉన్నది పైపు ఒక్కటేనే. నీళ్ళు ఆవిడవి కావు. ఊరికే రోడ్డు మీద అరవకు.”

“అయితే షాపాయన మీద అరుస్తా.”

“అరుద్దువుగాని. బస్సొచ్చేదాకా ఆగు.”

బస్సు రాలేదు. అది వచ్చినరోజు వచ్చినట్టు, రానిరోజు రానట్టు. కాజా ఊరుకోలేక, వదిన కూర్చోవడానికి ఒక రాయో ఇటుకో దొరక్కపోతుందా అని రోడ్డు వెంట వెతుక్కుంటూ నడిచింది. ట్రాన్స్‌ఫార్మరు దాటాక పొడుగాటి పాతగోడ ఉంది. దాని వెనకాల ఒకప్పుడు రైల్వే స్టేషనుండేదని అందరికీ తెలుసు. రైళ్ళు ఆగిపోయి, పట్టాలు పీకి పట్టుకుపోయి చాలా ఏళ్ళయింది. గోడ మీద నుంచి తీగలు రోడ్డు మీదికి వేలాడుతుంటే, అక్కడ గోడ ఉందన్న సంగతి కూడా జనం మరిచిపోయారు. ఇటుకల కోసం తీగలు పక్కకి తప్పించిన కాజాకి ఇటుకలు దొరకలేదు, అవి ఊడిపోయిన చోటు దొరికింది. మనిషి వంగి దూరేటంత కంత.

దూరింది. అవతల నడుమెత్తు గడ్డి. గడ్డిలోంచి పైకి లేచిన రాతి అంచు, అది ప్లాట్‌ఫారం. దాని వెనక, తీగలు నిలువెల్లా కప్పుకుని, ఎవరో దుప్పటి ముసుగేసి నిద్రపుచ్చినట్టు, ఒక బిల్డింగు. రోడ్డు మీద హారన్లు మోగుతున్నా ఇక్కడికి వచ్చేసరికి ఆ చప్పుడు ఎవరింట్లోనో మోగుతున్నట్టుంది. కాజా రెండడుగులు వేసింది. గడ్డిలోంచి పక్షి ఒకటి రివ్వున లేచేసరికి వచ్చిన దారినే వెనక్కి దూరింది.

*

మర్నాడు కాలర్‌ని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఇద్దరూ పొద్దున్నే ముందు బస్సుకి వచ్చేశారు. ఇస్త్రీ విభాగంలో పాడైపోయిన హ్యాంగర్ల రాడ్డు ఒకటి కాజా చేతిలో ఉంది. పామేదైనా ఉంటే ముందుగా కబురందాలని దాంతో గడ్డిని కొడుతూ నడిచింది. గోడకి లోపలివైపు ఒక హెచ్చరిక బోర్డు ఉంది. దాని మీద నిండా తీగ పాకి, ‘రాకూడదు’ అన్న మాట ఒక్కటే బయటికి కనబడుతోంది.

“ఎవరు రాకూడదో రాయలేదు కదక్కా. మనం కాకపోవచ్చు” అంది కాలర్.

ప్లాట్‌ఫారం చివర సామాన్లు ఎక్కించడానికి కట్టిన వాలు ఉంది. కాలర్ మెట్లెక్కక్కర్లేకుండా అటునుంచి నడిపించింది కాజా. పట్టాలున్నచోట వరసగా చెట్లు మొలిచాయి. రైలు వెళ్ళిన దారినే, అటు వంతెన దాకా, ఇటు కనుచూపు మేర దాకా, ఒకదాని వెనక ఒకటి. ప్లాట్‌ఫారం మీది రేకుల కప్పు సగం కూలిపోయింది. మిగిలిన సగంలో పిట్టలు గూళ్ళు పెట్టాయి. టిక్కెట్టు కిటికీ దగ్గర రాయి మధ్యలో గుంటపడి ఉంది. చిల్లర జరిపీ జరిపీ అలా అరిగిపోయింది కాబోలు. కాలర్ అందులో చెయ్యి పెట్టి, కిటికీ కన్నంలోకి తొంగిచూస్తూ, “రెండు టిక్కెట్లివ్వండి, కూర్చునే చోటికి” అంది. లోపలినుంచి పిల్లి ఒకటి కోపంగా జవాబిచ్చింది. దాని వెనకాల పిల్లలు.

పక్కనే సామాన్లు తూచే కాటా ఉంది. కాలర్ ఎక్కి నిలబడింది. ముల్లు కదల్లేదు. కాజా కూడా ఎక్కింది. అప్పుడూ కదల్లేదు. ఇద్దరికీ కలిపి సున్నా చూపించింది. మా ఆయనకి చూపించాలి, రోజూ లావైపోయానంటున్నాడు, అంది కాలర్.

గదుల్లో ఒకదానికి కప్పు లేదు. ఇంకోదాంట్లో చెట్టు ఉంది. కిటికీలోంచి కొమ్మలు బయటికి చాచి, ఇల్లు తనదే అన్నట్టు నిలబడింది. మూడో గది తలుపు మూసి ఉంది. కాజా భుజంతో నెట్టింది. కదల్లేదు. అడుగున మట్టి పేరుకుపోయింది. రాడ్డుతో మట్టి తవ్వి, మళ్ళీ నెట్టి, కాస్త సందు చేసి తల లోపల పెట్టింది.

పై కప్పు గట్టిగా ఉంది. గోడల వెంట మూడు వైపులా పెద్ద పెద్ద చెక్క బెంచీలు. చేతులు ఆనించుకునేవీ, వీపు ఆనించుకునేవీ. ఇంత లావు దుంగలు కదిలించలేకే ఎవరూ ఎత్తుకుపోలేదేమో. ధూళి అంగుళం మందాన ఉంది. లోపలి గోడకి ఇంకో చిన్న తలుపు, దాని వెనక స్నానాల గది, మరుగుదొడ్డి. కుళాయిలో నీళ్ళు లేవు. కానీ ఆ తలుపుకి గడియ ఉంది. కాలర్ ఆ గడియ వేసి తీసి, వేసి తీసి చూసుకుంది. ఫ్యాక్టరీలో ఉన్న ఒక్క దొడ్డికి పొద్దుటినుంచీ వరస కట్టే మనిషి అది.

తలుపు పైన రాతి మీద చెక్కిన అక్షరాలు కాజా రాడ్డు చివరకి కొంగు చుట్టి తుడిచింది. ‘ఆడవాళ్ళ వెయిటింగ్ రూము’ అని బయటపడింది.

“ఇదిగో” అంది కాజా. “ఇక్కడ రాసి పెట్టారు. మనమే రావాలని.”

*

సెలవురోజు మొత్తం ఏడెనిమిది మంది చేరారు. వదినకి ఎక్కడికో, ఎందుకో చెప్పకుండా తీసుకొచ్చింది కాజా. వదిన కంత దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఈ వయసులో నన్ను దొంగని చేస్తున్నావా అంది. కంత పెద్దది చేశారు. వదిన వంగలేదని అందరికీ తెలుసు గనక, ఆ మాట ఎవరూ పైకి అనకుండా, ఇంకో నాలుగు వరసల ఇటుకలు తీసేశారు. తలెత్తుకునే లోపలికి నడిచింది.

లోపల అందరూ కొడవళ్ళతో తీగల మీదికి వెళ్ళబోతుంటే వదిన ఆపింది. తీగని ఇప్పుడే లాగితే గోడ సున్నంతో సహా ఊడి నెత్తిన పడుతుందని, ముందు మొదళ్ళు నరికి వదిలేసి, ఎండాక దులిపితే దానంతటదే రాలుతుందని చెప్పింది. టోపీ పెట్టుకున్న జేబులు కుట్టే పిల్ల వినకుండా ఒక తీగ లాగింది. గంపెడు సున్నం దాని టోపీ మీద పడింది. తరవాత అందరూ విన్నారు.

గది ఊడవడానికి మధ్యాహ్నం అయింది. దుమ్ము మూడుసార్లు ఎత్తిపోశారు. ఎలకలు చేసిన గూళ్ళు, పగిలిన కిటికీ అద్దాలు, ఎండిన ఆకులు, ఎవరిదో పిల్లల చెప్పు ఒక్కటి. కాజా బకెట్టుతో ఫ్యాక్టరీ బయటి కుళాయినుంచి నీళ్ళు మోసుకొచ్చింది. వాచ్‌మన్ ఎందుకని అడిగితే, బెంచీలకి స్నానం, అంది. అతను ఇంకేం అడగలేదు. కాజాని ఇంకోటి అడిగి బతికినవాళ్ళు తక్కువని అతనికి తెలుసు. బెంచీల మీద తడిగుడ్డ వేసి రుద్దుతుంటే కింద ఎర్రటి చెక్క కనబడసాగింది. వదిన చూస్తూ కూర్చోలేక తనూ ఒక గుడ్డ పట్టుకుంది. చొక్కాకి ఇస్త్రీ చేసినట్టే చేసింది. ముందు అంచులు, తరవాత చేతులు, తరవాత వెడల్పు. ముడత పడ్డ చోట రెండోసారి.

ఆరాక అందరూ ఆవిణ్ణి ముందు కూర్చోమన్నారు. వదిన మొహమాటపడింది. మీరు కూర్చోండి, నాకేం తొందర, ఇనప కాళ్ళు, అంటూ కిటికీ వైపు వెళ్ళింది. చివరికి కాలర్ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. వదిన మెల్లగా వీపు వెనక్కి ఆనించింది. చెప్పులు వదిలి, పాదాలు రెండూ ముందుకి చాపింది. కళ్ళు మూసుకుని, ముక్కుతో పొడుగ్గా గాలి వదిలింది. కాజా కిటికీ ఊచలు తుడుస్తున్నట్టు అటు తిరిగిపోయింది.

మర్నాటినుంచి సాయంత్రాలు మారిపోయాయి. గేటు తెరుచుకోగానే ఆడవాళ్ళు తడి మెట్ల వైపు చూడను కూడా చూడకుండా ట్రాన్స్‌ఫార్మరు వైపు నడిచేవారు. ఒకరు జడ విప్పుకుని దువ్వుకునేవారు. ఒకరు ఇంటికెళ్ళాక చెయ్యాల్సిన కూర అక్కడే తరిగేసుకునేవారు. జేబుల పిల్ల బెంచీ మీద వెల్లకిలా పడుకుని ఫోనులో పాటలు పెట్టేది. పిల్లి ముందు తలుపు దగ్గరికి, తరవాత బెంచీ కిందికి, తరవాత కాలర్ ఒళ్ళోకి వచ్చింది. షాపాయన మాత్రం ఇవేమీ గమనించలేదు. ఎవరూ కూర్చోని మెట్లకి రోజూ వేళ తప్పకుండా నీళ్ళు పడుతూనే ఉండేవి.

*

అయితే బస్సుకి ఈ సంగతులు తెలియవు. అది స్తంభం దగ్గర ఎవరైనా చెయ్యెత్తితే ఆగుతుంది, లేకపోతే దుమ్ము కొట్టి పోతుంది. స్టేషన్లోంచి మలుపు కనబడదు. మలుపు తిరిగాక పరిగెత్తితే అందదు. అందుకని ఒక్కొక్కరు వంతులవారీగా స్తంభం దగ్గర కాపలా ఉండి, బస్సు కనబడగానే కేక వెయ్యాలనుకున్నారు. మొదటి రోజు కేక విని అందరూ పరిగెత్తారు. ప్లాట్‌ఫారం, వాలు, గడ్డి, కంత, ట్రాన్స్‌ఫార్మరు, రోడ్డు. వదిన వాలు దగ్గరే ఉండగా బస్సు కదిలిపోయింది. అప్పటికే ఎక్కిన కాజా దిగిపోయింది. తరవాతి బస్సుకి ఇద్దరూ గంటసేపు నిలబడాల్సి వచ్చింది.

రెండో రోజు వదిన స్టేషనుకి రాలేదు. నేరుగా స్తంభం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

“నేను పరిగెత్తలేను. నిలబడ్డం వచ్చు. వచ్చిన పని చేస్తా” అంది.

అందరూ వద్దన్నారు. వదిన వినలేదు. పైగా ఆ పని ఆవిడ చేసినంత బాగా ఇంకెవరూ చెయ్యలేరని తొందరలోనే తేలిపోయింది. బస్సు రాగానే కేక వేసి, ఒక కాలు బస్సు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టి, డ్రైవరుతో మాటలు మొదలెట్టేది. మీ అమ్మాయి జ్వరం తగ్గిందా, మందులు సరిగ్గా వేస్తున్నారా, ఆ పళ్ళు ఎందుకలా ఉన్నాయి, నువ్వు పొగాకు మానలేదా. డ్రైవరు గేరు మీద చెయ్యి పెట్టుకుని, అవునమ్మా, సరేనమ్మా అంటుండగానే మిగిలినవాళ్ళంతా ఎక్కేసేవారు. బస్సు ఒక్కరోజు కూడా తప్పిపోలేదు. ఆడవాళ్ళు వదినని మెచ్చుకున్నారు. మెచ్చుకుని, మర్నాడు మళ్ళీ వెళ్ళి బెంచీల మీద కూర్చున్నారు.

కాజా కూర్చోలేకపోయింది. బెంచీ మీద ఒళ్ళు ఆనించగానే ఆ కొంగలా నిలబడ్డ మనిషి కళ్ళముందుకొచ్చేది. లేచి స్తంభం దగ్గరికి వెళ్ళి, నువ్వు పో, నేనుంటా, అనేది. నీకు డ్రైవరుతో మాట్లాడ్డం చేతకాదు, నోరు తెరిస్తే తగాదా, బస్సు ఇంకా ముందే పోతుంది, అని వదిన తరిమేసేది. నిజమే. ఒకసారి ప్రయత్నించి చూసింది కూడా. ఆగమంటే ఆగవేం అని డ్రైవరుతో మొదలుపెట్టింది. ఆ వేళ సగంమంది ఉండిపోయారు.

గురువారం చిన్నగా తుంపర పట్టింది. స్టేషన్లో అందరూ కిటికీలోంచి చినుకులు చూస్తూ కబుర్లాడుతున్నారు. కాజా తువ్వాలు నెత్తిన వేసుకుని రోడ్డు మీదికి వచ్చింది. వదిన స్తంభం దగ్గర, తలమీద టిఫిను డబ్బా సంచి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. మెట్ల మీద వానా పడుతోంది, పైపు నీళ్ళూ పడుతున్నాయి.

“ఇదంతా ఎవరి కోసం చేశాననుకున్నావు?” అంది కాజా. “ఆ గోడ, ఆ దుమ్ము, ఆ నీళ్ళు మొయ్యడం. లోకంలో అందరూ కూర్చున్నారు వదినా. నువ్వు తప్ప.”

వదిన తువ్వాలు చివర లాగి కాజా మొహం తుడిచింది. “కాలర్ కూర్చుంటోందా?”

“కూర్చుంటోంది.”

“ఆ పిల్ల కాళ్ళు నాకంటే వాచిపోతున్నాయి. చూడలేదా నువ్వు? నేను ఒక్కదాన్నే కనబడుతున్నానా నీకు?” అని, మాట అక్కడ ఆపి, “నువ్వు చేసిపెట్టిందానిమీద ఆ రోజు కూర్చున్నాను కదే. ఒళ్ళంతా తేలికైపోయింది. అది చాల్లే” అంది.

వెనకాల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. కాజా తిరిగి చూసింది. పైపావిడ పైపు నేలకి దించి, వాళ్ళవైపే చూస్తోంది. కాజా చూపు తగలగానే తల వంచుకుని లోపలికి వెళ్ళింది.

*

మర్నాడు మధ్యాహ్నం టీ వేళకి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరో నీ కోసం వచ్చారని కాజాకి కబురొచ్చింది. వెళ్ళి చూస్తే పైపావిడ. కోటు విప్పి చంకలో పెట్టుకుంది. కోటు లేకుండా ఇంకా చిన్న మనిషిలా ఉంది. కాజా మొహం గంటు పెట్టుకునే నిలబడింది.

ఆవిడ తడబడుతూ, అక్కడక్కడా ఆగుతూ చెప్పింది. సాయంత్రాలు మెట్లు తడిపాక తను షాపు పై అంతస్తులో అద్దాలు తుడుస్తుంది. అక్కణ్ణుంచి వంతెన కనబడుతుంది. బస్సు మలుపు దగ్గరికి రావడానికి ఎంతో ముందే వంతెన మీద కనబడుతుంది. షాపు పేరున్న పెద్ద దీపాల బోర్డు స్విచ్చి కూడా ఆ పైనే, ఆ కిటికీ పక్కనే ఉంది. చీకటి పడబోయే ముందు దాన్ని వెయ్యడం తన పనే.

“ఆ బోర్డు మీ స్టేషనుకి కనబడుతుంది. పై కిటికీలోంచి చూశాను” అంది. “బస్సు వంతెనెక్కగానే ఒకసారి ఆర్పి వెలిగిస్తాను. అప్పుడు లేచినా మీ వదినగారు నడుచుకుంటూ వచ్చెయ్యొచ్చు. పరిగెత్తక్కర్లేదు.”

మీ షాపాయన చూస్తే, అని అడిగింది కాజా.

“ఆయన బోర్డు కిందే ఉంటారు. పైకి చూడరు.” ఆవిడ కోటు తొడుక్కుంది. వెళ్ళబోతూ ఆగింది. “ఆరోజు అడిగారు కదా. నొప్పెడతాయి.”

ఆ సాయంత్రం వదిన నమ్మలేదు. స్తంభం దగ్గరికే వెళ్తానని పట్టుపట్టింది. కాజా ఆవిడ జబ్బ పట్టుకుని, దాదాపు ఎత్తుకొచ్చినట్టు తెచ్చి, కిటికీకి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టింది. అందరూ గోడ మీదుగా కనబడే బోర్డు వైపు చూస్తూ కూర్చున్నారు. బోర్డు వెలిగింది. నీలం అక్షరాలు, చుట్టూ ఎర్ర దీపాలు. చాలాసేపు అలాగే వెలిగింది. పైపావిడ మనల్ని ఆటపట్టిస్తోందని జేబుల పిల్ల గొణిగింది. ఇంతలో బోర్డు టక్కున ఆరిపోయి, వెంటనే వెలిగింది.

అందరూ లేచారు. వదిన చెప్పులు వేసుకుని, జుట్టు సరిచేసుకుని, పిల్లి తల నిమిరి, నింపాదిగా వాలు దిగింది. స్తంభం దగ్గరికి చేరేసరికి మలుపు తిరుగుతోంది బస్సు. కాజా తలెత్తి పై అంతస్తు కిటికీ వైపు చూసింది. అద్దం మీద గుడ్డ పట్టుకున్న చెయ్యి గుండ్రంగా తిరుగుతూ కనబడింది, అంతే.

ఆ తరవాత షాపాయనకి కొత్త బాధ మొదలైంది. ఆయన పైకి చూడకపోయినా కొనడానికొచ్చినవాళ్ళెవరో చెప్పారట, మీ బోర్డు మినుకుమంటోందని. ఎలక్ట్రీషియన్ని పిలిపించాడు. అతను నిచ్చెనేసి అన్ని బల్బులూ బిగించి, వైర్లు మార్చి, ఏ లోపమూ లేదని చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రమే మళ్ళీ మినుకుమంది. ఎలక్ట్రీషియన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి లైన్లోనే ఏదో తేడా ఉందన్నాడు. పైపావిడ ఇవన్నీ కాజాకి గేటు దగ్గర చెప్పేది. ఇప్పుడు టీ వేళల్లో ఆవిడ వస్తే కాజా తన గ్లాసులో సగం ఇంకో గ్లాసులో పోసి ఇచ్చేది. చెబుతున్నప్పుడు కూడా ఆవిడ నవ్వేది కాదు. కాజాయే గోడకి చేరబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వేది.

*

పెద్ద ఆర్డరొచ్చిన వారం అందరి నడుములూ విరిగాయి. ఇస్త్రీ బల్ల దగ్గర ఇద్దరు మానేశారు. వదిన వాళ్ళ చొక్కాలు కూడా చేసింది. శనివారం సాయంత్రం బెంచీ మీద కూర్చుని, కాలర్ పుట్టబోయే బిడ్డకి పేర్లు చెబుతుంటే ఊ కొడుతూ, ఊ కొడుతూ, ఒక పేరు దగ్గర ఊ కొట్టడం ఆపేసింది. తల మెల్లగా వాలి కాజా భుజం మీదికి వచ్చింది. నోరు కొంచెం తెరుచుకుంది. చేతిలో ఉన్న టిఫిను సంచి జారబోతే కాజా పట్టుకుంది.

ఇన్నేళ్ళలో వదిన తన ముందు నిద్రపోగా కాజా చూడలేదు. తను లేచేసరికి లేచి ఉండేది, తను పడుకున్నాక పడుకునేది. దగ్గరగా చూస్తే కణతల దగ్గర ఆవిరి తగిలి కమిలిన చర్మం, కనుబొమల్లో తెల్ల వెంట్రుకలు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా కాజా చెవి మీద వెచ్చగా తగులుతోంది.

బోర్డు ఆరి వెలిగింది.

అందరూ లేచారు. కాలర్ వదినని లేపబోయింది. కాజా వద్దని తలాడించింది. మీరు పొండి, అని చేత్తోనే సైగ చేసింది. వాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా ఒక్కొక్కరే తలుపు దాటారు. కాసేపటికి రోడ్డు మీద బస్సు ఆగిన శబ్దం, కాలర్ ఏదో అన్న మాట, తలుపు మూసిన చప్పుడు. బస్సు వెళ్ళిపోయింది. చెట్ల వరసలో వెలుతురు పలచబడింది. పిట్టలు రేకుల కింద సర్దుకుంటున్నాయి. కాజా భుజం తిమ్మిరెక్కింది. కదల్లేదు.

గడ్డిలో అడుగుల చప్పుడయింది. పైపావిడ గుమ్మంలో నిలబడింది. పరిగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది. బస్సెక్కినవాళ్ళలో వీళ్ళిద్దరూ కనబడక, ఏమైందోనని వచ్చింది.

“బోర్డు కనబడలేదా?” అంది.

కాజా పెదాల మీద వేలు పెట్టుకుంది. అప్పుడు చూసింది పైపావిడ. చూసి, అక్కడే నిలబడిపోయింది. ఎప్పుడూ పై అంతస్తునుంచే చూసింది గానీ ఈ గదిలోకి ఆవిడ రావడం అదే మొదలు. తలుపు పైన ఉన్న అక్షరాల వైపు, బెంచీల వైపు, పిల్లి వైపు చూసింది. కాజా కొంచెం జరిగి పక్కన చోటు చూపించింది. ఆవిడ అంచు మీద, లేవమంటే లేచేలా కూర్చుంది. కాసేపటికి వీపు వెనక్కి ఆనింది.

వదిన కదిలింది. కళ్ళు పూర్తిగా తెరవకుండానే, “బస్సొచ్చిందా?” అంది.

“ఇంకా రాలేదు. పడుకో” అంది కాజా.

వదిన నమ్మనట్టు కళ్ళు చికిలించి అటు పక్క చూసింది. అక్కడ నీలం కోటులో ఉన్న మనిషి కనబడింది.

“నిజంగా రాలేదా?” అని ఆవిణ్ణి అడిగింది.

పైపావిడ గోడ అవతలి రోడ్డు వైపు ఒకసారి చూసింది.

“ఇవాళ ఆలస్యమట వదినా” అంది.

అలాగా, అంటూ వదిన తల మళ్ళీ కాజా భుజం మీద పెట్టుకుంది.